ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూలు అడ్మిషన్ నిబంధనలు మారుస్తున్నప్పుడు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పవలసిన పద్ధతి

ఇంగ్లండ్‌లో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలు ఇల్లు వెతుక్కునేటప్పుడు, రైల్వే స్టేషను ఎంత దూరమో చూసిన వెంటనే అడిగే ప్రశ్న, ఆ చిరునామా నుంచి ఏ సెకండరీ స్కూలులో సీటు వస్తుందన్నది. స్లౌలోనో రెడింగ్‌లోనో హ్యారోలోనో ఒక వీధిలో అద్దె ఎక్కువైనా సరే అక్కడే ఉండాలని పట్టుబట్టడానికి తరచూ కారణం ఆ లెక్కే. అటువంటి స్కూలు ఒకనాడు తన అడ్మిషన్ నిబంధనలను మార్చబోతున్నట్టు ప్రకటిస్తే, వాట్సాప్ గ్రూపులలో ఆందోళన మొదలవుతుంది, సంతకాల సేకరణ మొదలవుతుంది, హెడ్ టీచరుకు కోపంగా ఉత్తరాలు వెళతాయి. వీటిలో చాలా భాగం వృథా ప్రయాసే అవుతుంది. ఇక్కడి వ్యవస్థలో అభ్యంతరానికి బలం వచ్చేది జనసంఖ్య నుంచి కాదు. సరైన తేదీలోపు, నిర్ణయం తీసుకునే సంస్థకు, నియమావళిలోని నిర్దిష్టమైన అంశాన్ని ఆధారం చేసుకొని, లెక్కలతో సహా రాసిన ఉత్తరం నుంచి వస్తుంది. ఆ ఉత్తరం ఎలా రాయాలో, దానికి ముందు ఏమేమి సమకూర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో చెప్పినదంతా 2021 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన స్కూల్ అడ్మిషన్స్ కోడ్‌కు సంబంధించినది, ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తుంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు వేరు.

వీసా మీద ఉన్న కుటుంబాలు ఇటువంటి వ్యవహారాలలో తలదూర్చడానికి జంకుతాయి కాబట్టి ఒక విషయం మొదటే చెప్పాలి. అడ్మిషన్ విధానంపై అభిప్రాయం చెప్పడానికి గాని, అధికారికంగా అభ్యంతరం దాఖలు చేయడానికి గాని పౌరసత్వంతో పని లేదు. పైగా భారతీయులు కామన్‌వెల్త్ పౌరులు కావడం వల్ల, చెల్లుబాటయ్యే అనుమతితో ఇక్కడ నివసిస్తున్నవారు ఓటరుగా నమోదు చేసుకొని కౌన్సిల్ ఎన్నికలలో ఓటు కూడా వేయవచ్చు. ఈ హక్కు ఉన్నట్టే తెలియని తెలుగువారు ఎందరో ఉన్నారు. స్థానిక కౌన్సిలర్లకు మాత్రం ఆ సంగతి బాగా తెలుసు.

తేదీలు

అన్నిటికంటే ముందు గ్రహించవలసింది, నిబంధనలు మారే కాలానికీ అవి మీ పిల్లలను తాకే కాలానికీ మధ్య ఏడాదిన్నరకు పైగా ఎడం ఉంటుందన్నది. 2028 సెప్టెంబరులో ఇయర్ సెవెన్‌లో, అంటే సెకండరీ స్కూలు మొదటి తరగతిలో, చేరే పిల్లలను ఉదాహరణగా తీసుకుందాం. వారికి వర్తించే నిబంధనలలో మార్పు తేవాలనుకున్న స్కూలు 2026 అక్టోబరు 1కీ 2027 జనవరి 31కీ మధ్య, కనీసం 6 వారాల పాటు కన్సల్టేషన్, అంటే అందరి అభిప్రాయాలు అడిగి తెలుసుకోవడం, జరపాలి. 2027 ఫిబ్రవరి 28లోపు విధానాన్ని ఖరారు చేయాలి, మార్చి 15లోపు తన వెబ్‌సైటులో ప్రచురించాలి. ఖరారైన విధానంపై అభ్యంతరం ఉన్నవారు మే 15లోపు స్కూల్స్ అడ్జుడికేటర్‌కు, అంటే ఇటువంటి అభ్యంతరాలను విచారించి తేల్చే స్వతంత్ర అధికారికి, రాయాలి. తల్లిదండ్రులు దరఖాస్తు నింపే గడువు 2027 అక్టోబరు 31, సీట్లు ప్రకటించేది 2028 మార్చి 1న.

ఈ లెక్క ప్రకారం కన్సల్టేషన్ జరిగేనాటికి ఆ పిల్లలు ఇయర్ ఫైవ్‌లో ఉంటారు. మనవాళ్లలో ఎక్కువమంది స్కూళ్లు చూడడానికి బయలుదేరేది ఇయర్ సిక్స్ మొదట్లో, ఓపెన్ ఈవెనింగులు జరిగే రోజుల్లో. అప్పటికి అన్ని తలుపులూ మూతబడి ఉంటాయి. అందుచేత పిల్లలు ఇయర్ ఫోర్‌లో ఉండగానే, మీరు ఆశ పెట్టుకున్న రెండు మూడు స్కూళ్ల వెబ్‌సైట్లలోని అడ్మిషన్ పేజీలను ఏటా అక్టోబరు మొదలు జనవరి చివరి వరకు పదిహేను రోజులకొకసారి చూస్తూ ఉండడం మంచిది. కౌన్సిల్ వెబ్‌సైటులో కన్సల్టేషన్ల పేజీ వేరుగా ఉంటుంది, దాన్నీ చూడాలి. ఏ మార్పూ చేయని స్కూలు కూడా కనీసం 7 ఏళ్లకొకసారి కన్సల్టేషన్ జరపవలసిందే కాబట్టి ప్రకటన కనిపించిన ప్రతిసారీ ఉపద్రవమని అనుకోనక్కరలేదు.

నిర్ణయం ఎవరిది

కమ్యూనిటీ స్కూళ్లకు, వాలంటరీ కంట్రోల్డ్ స్కూళ్లకు నిబంధనలు నిర్ణయించేది కౌన్సిల్. ఫౌండేషన్ స్కూళ్లకు, చర్చి వంటి సంస్థల ఆధ్వర్యంలోని వాలంటరీ ఎయిడెడ్ స్కూళ్లకు ఆ స్కూలు గవర్నింగ్ బాడీ. అకాడెమీలకు, అంటే ప్రభుత్వ నిధులతో నడుస్తూ కౌన్సిల్ అధీనంలో లేని స్కూళ్లకు, వాటిని నడిపే ట్రస్టు. ఇంగ్లండ్‌లోని సెకండరీ స్కూళ్లలో పదింట ఎనిమిదికి పైగా ఇప్పుడు అకాడెమీలే కాబట్టి, కౌన్సిల్‌కు ఎన్ని ఉత్తరాలు రాసినా చాలా సందర్భాలలో అవి నిర్ణయం తీసుకునేవారి బల్ల మీదికి చేరవు. కౌన్సిల్ అటువంటి స్కూలు విషయంలో తన అభిప్రాయం చెప్పగలదు, తానే అభ్యంతరం దాఖలు చేయగలదు, అంతే. అందువల్ల వార్డు కౌన్సిలర్‌ను కలిసినప్పుడు ఆయన ఈ మార్పును ఆపాలని అడగడం కంటే, కన్సల్టేషన్‌కు కౌన్సిల్ ఇవ్వబోయే జవాబులో ఏముండబోతోందో అడగడం ఎక్కువ ప్రయోజనకరం. హెడ్ టీచరు సైతం ఒంటరిగా నిర్ణయించే వ్యక్తి కారు. ఉత్తరం ట్రస్టు బోర్డు అధ్యక్షులకు గాని, గవర్నర్ల అధ్యక్షులకు గాని, క్లర్క్ ద్వారా చేరేటట్టు రాయాలి.

మార్పు పత్రాన్ని చదివే తీరు

ప్రతిపాదన పత్రం దొరకగానే పాత విధానాన్ని పక్కన పెట్టుకొని వాక్యం వాక్యంగా పోల్చి చూడాలి. స్కూలు తన పరిచయ లేఖలో చెప్పే మార్పు ఒకటి ఉంటుంది, పత్రంలో దొర్లిన మార్పులు మరికొన్ని ఉంటాయి. క్యాచ్‌మెంట్ (స్కూలు తన పరిధిగా గీసుకున్న ప్రాంతం) పటం గురించి అందరూ వాదించుకుంటూ ఉండగా, దూరాన్ని కొలిచే పద్ధతి నడక దారి నుంచి సరళరేఖకు మారిన సంగతి ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. నది గాని, రైలు పట్టాలు గాని, మోటార్‌వే గాని అడ్డం ఉన్న ఊళ్లలో ఆ ఒక్క మాటే కొన్ని వీధులను వెలుపలికి నెట్టేస్తుంది. తోబుట్టువుల నిబంధనలో క్యాచ్‌మెంట్ లోపల నివసిస్తున్నవారికి మాత్రమే అన్న షరతు చేరితే, పెద్దపిల్ల అక్కడ చదువుతుండగా ఇల్లు మారిన కుటుంబాల చిన్నపిల్లలకు దారి మూసుకుపోతుంది.

మార్పులలో సాధారణంగా కనిపించేవి కొన్నే. ఇయర్ సెవెన్ సీట్ల సంఖ్యను తగ్గించడం ఒకటి. క్యాచ్‌మెంట్ సరిహద్దును జరపడం మరొకటి. కొన్ని ప్రైమరీ స్కూళ్లను ఫీడర్ స్కూళ్లుగా పేర్కొని ఆ పిల్లలకు ముందు వరుస ఇవ్వడం ఇంకొకటి. దూరానికి బదులు లాటరీ, సిబ్బంది పిల్లలకు ప్రాధాన్యం, పరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకునే గ్రామర్ స్కూళ్లలో కనీస మార్కుల హద్దు మార్చడం లేదా కొత్త క్యాచ్‌మెంట్, పేద కుటుంబాల పిల్లలకు కేటాయించిన సీట్లు వంటివి తక్కినవి. ఏ విధానంలోనైనా తాకరానిది ఒకటి ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం కౌన్సిల్ రాసే పథకంలో ఆ స్కూలు పేరు ఉన్న పిల్లలను తప్పక చేర్చుకోవాలి, ఆ తర్వాత మొదటి స్థానం ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, లేదా ఇదివరకు ఉండిన పిల్లలదే.

ఫీడర్ స్కూళ్ల విషయం కొంచెం వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే ఇటీవలి కాలంలో తగవులు ఎక్కువగా అక్కడే పుడుతున్నాయి. ఒక ట్రస్టు చేతిలో ఒక సెకండరీ స్కూలు, ఊరికి అవతలి వైపున మూడు ప్రైమరీ స్కూళ్లు ఉన్నాయనుకుందాం. సెకండరీలో ఇయర్ సెవెన్‌కు 240 సీట్లు. మొదటి రెండు వర్గాలకు, తోబుట్టువులకు కలిపి 90 పోతాయి. ఇంతవరకు మిగిలిన 150 సీట్లూ దూరాన్ని బట్టి ఇచ్చేవారు. కొత్త విధానంలో ఫీడర్ స్కూళ్ల నుంచి 110 మంది ముందుకు వస్తే దూరం ప్రకారం మిగిలేవి 40 సీట్లే. గేటుకు ఎదురు వీధిలో ఉన్న కుటుంబానికి ఏమీ కాదు గాని, ముప్పావు మైలు దూరంలో ఉండి నిన్నటిదాకా ధీమాగా ఉన్న కుటుంబం ఒక్కసారిగా వెలుపల పడుతుంది. కోడ్‌లోని 1.15 పేరా ఫీడర్ స్కూళ్ల ఎంపిక పారదర్శకంగా, సహేతుకమైన కారణాలతో ఉండాలని చెబుతుంది. రెండు స్కూళ్ల మధ్య బోధనా సంబంధం ఉండడం, పిల్లలు కలిసి పైతరగతికి వెళ్లడం వంటివి కారణాలుగా చెల్లుతాయి. కాబట్టి ఒకే ట్రస్టువి కావడం అన్యాయమని వాదిస్తే నెగ్గడం కష్టం. ఆ 110 మందిలో ఎందరికి ఇంటి దగ్గరే మరొక మంచి స్కూలు అందుబాటులో ఉంది, వెలుపల పడినవారికి దగ్గరలో ఏముంది అన్నది చూపగలిగితే వాదన నిలుస్తుంది.

క్యాచ్‌మెంట్‌కు సంబంధించిన 1.14 పేరా, అది సహేతుకంగానూ స్పష్టంగా గుర్తించగలిగేదిగానూ ఉండాలంటుంది. నిబంధనలన్నిటికీ కలిపి 1.8 పేరా ఉంది. అవి సహేతుకంగా, స్పష్టంగా, నిష్పాక్షికంగా ఉండాలని, ఒక సామాజిక వర్గానికి గాని జాతికి గాని చెందిన పిల్లలకు, వైకల్యమో ప్రత్యేక అవసరాలో ఉన్న పిల్లలకు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని అన్యాయమైన నష్టం కలిగించకూడదని ఆ పేరా చెబుతుంది. 1.9 పేరాలో నిషిద్ధమైన వాటి జాబితా ఉంది. తల్లిదండ్రుల నుంచి విరాళం తీసుకోవడం, ఇంటర్వ్యూ జరపడం, తల్లిదండ్రుల ఉద్యోగాన్నో చదువునో లెక్కలోకి తీసుకోవడం, దరఖాస్తులో తమ స్కూలును మొదటి స్థానంలో పెట్టినవారికి ముందు వరుస ఇవ్వడం అందులోవే. డొనేషన్ కట్టో, సిఫారసు ఉత్తరం తెచ్చో సీటు సంపాదించే స్కూళ్లను హైదరాబాదులోనో విజయవాడలోనో చూసి వచ్చినవారికి ఈ జాబితా ఒకసారి పూర్తిగా చదవడం మంచి విద్య.

సీట్ల సంఖ్య విషయంలో ఒక మెలిక ఉంది. సంఖ్యను పెంచడానికి కన్సల్టేషన్ అవసరం లేదు, తగ్గించడానికి అవసరం. పిల్లల సంఖ్య పడిపోతున్న ఊళ్లలో కౌన్సిళ్లు బాగా నడిచే స్కూలులో సీట్లు తగ్గించి, ఖాళీలున్న మరో స్కూలును నిలబెట్టాలని చూస్తాయి. ఆ స్కూలుకు పిల్లలను పంపవలసి వచ్చే తల్లిదండ్రుల కోపం అర్థం చేసుకోదగినదే, అయినా ఖాళీలున్న స్కూలు మూతబడితే అక్కడి వీధుల పిల్లలకు ఏ దారీ ఉండదన్న వాదన కూడా తేలికగా తోసిపుచ్చదగినది కాదు. మీ జవాబులో ఈ వాదనను ఎదుర్కోవలసిందే. చూడనట్టు నటిస్తే చదివేవారికి అది వెంటనే తెలిసిపోతుంది.

లెక్కలు సంపాదించడం

కన్సల్టేషన్ మొదలైన మొదటి వారంలోనే సమాచారం కోరుతూ ఉత్తరం రాయాలి. సమాచార స్వేచ్ఛ చట్టం, 2000 కౌన్సిళ్లకే కాక ప్రభుత్వ స్కూళ్లకు, అకాడెమీలకు కూడా వర్తిస్తుంది. జవాబు ఇవ్వడానికి కౌన్సిళ్లకు సాధారణంగా 20 పనిదినాల గడువు, స్కూళ్లకు సెలవులు మినహాయించి 20 స్కూలు దినాల గడువు ఉంటుంది. కన్సల్టేషన్ నడిచే 6 వారాలలో పనిదినాలు 30 మించవు, మధ్యలో క్రిస్మస్ సెలవులు పడితే ఇంకా తగ్గుతాయి. మూడో వారంలో అడిగిన లెక్క గడువు ముగిశాక చేతికి వస్తుంది, అది ఎందుకూ పనికిరాదు. భారతదేశంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన అనుభవం ఉన్నవారికి ఈ పని కొత్తది కాదు, ఇక్కడ ఫీజు కూడా సాధారణంగా ఉండదు. ఈమెయిల్ చాలు.

అడగవలసినవి ఇవి: గత ఐదేళ్లలో ఏ ప్రాధాన్య వర్గం కింద ఎన్ని సీట్లు ఇచ్చారు; దూరం ప్రకారం చివరి సీటు ప్రతి ఏడాది ఎంత దూరంలోని ఇంటికి వెళ్లింది; ప్రతిపాదించిన విధానాన్ని గత ఏడాది దరఖాస్తులకు వర్తింపజేసి చూశారా, చూస్తే ఫలితమేమిటి; రాబోయే ఏళ్లలో పిల్లల సంఖ్యపై ఏ అంచనాలను ఆధారం చేసుకున్నారు; సమానత్వ ప్రభావంపై అధ్యయనం జరిగిందా. చివరి ప్రశ్నకు ప్రాధాన్యం ఉంది. సమానత్వ చట్టం, 2010లోని 149వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఇటువంటి నిర్ణయాల ప్రభావం వివిధ వర్గాలపై ఎలా ఉంటుందో తగినట్టు ఆలోచించి తీరాలి. ఆ ఆలోచన కాగితం మీద ఎక్కడా కనిపించకపోతే, ఆ లోటును చూపడం మీ పని.

స్కూలు ఇచ్చే లెక్కలతో ఆగకుండా మీరు కూడా కొన్ని తయారుచేసుకోవాలి. నష్టపోతాయనుకుంటున్న వీధులు ఏవో పటం మీద గుర్తించి, ప్రతి వీధి నుంచి పాత స్కూలుకు, దానికి బదులుగా దక్కగల స్కూలుకు దూరాలు కొలవాలి. బస్సు ఉందా, ఉదయం ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ మారాలి అన్న వివరాలను టైమ్‌టేబుల్ చూసి రాయాలి. 8 ఏళ్లు దాటిన పిల్లలకు, చోటు దొరికే అతి దగ్గరి తగిన స్కూలు 3 మైళ్లకు మించి ఉంటే కౌన్సిల్ ఉచిత రవాణా కల్పించాలి. తక్కువ ఆదాయ కుటుంబాల సెకండరీ పిల్లలకు 2 నుంచి 6 మైళ్ల మధ్య ఉన్న మూడు దగ్గరి స్కూళ్లకు కూడా ఆ హక్కు వర్తిస్తుంది. కొత్త సరిహద్దు వల్ల ఆ ఖర్చు కౌన్సిల్ నెత్తిన పడేటట్టయితే, ఆ సంగతి కౌన్సిలర్లకు చెప్పండి. విద్యా సూత్రాలు కదిలించలేని కొందరిని బడ్జెట్ కదిలిస్తుంది.

కన్సల్టేషన్‌కు జవాబు

నా అభిప్రాయంలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే, మన కుటుంబాలు అన్నిటికంటే తేలికగా తీసుకునేదీ ఇదే. నిర్ణయం తీసుకునేవారు మనసు మార్చుకోగల చివరి దశ కన్సల్టేషన్. దాని తర్వాత మిగిలేది నియమం ఉల్లంఘించారా లేదా అన్న చర్చ మాత్రమే. మంచిదా చెడ్డదా అన్న చర్చకు అక్కడ చోటు తక్కువ.

బ్రైటన్ అండ్ హోవ్ ఉదంతం రెండు వైపులా పాఠం చెబుతుంది. ఆ కౌన్సిల్ 2007లో క్యాచ్‌మెంట్లు గీసి, వాటి లోపల దరఖాస్తులు సీట్లను మించినచోట లాటరీ ద్వారా సీట్లివ్వాలని నిర్ణయించింది. తల్లిదండ్రులు తీవ్రంగా వ్యతిరేకించి అడ్జుడికేటర్ వరకు వెళ్లారు, అయినా లాటరీ నిలిచింది, 2008 నుంచి అమలైంది. అదే ఊరిలో 2026 ప్రవేశాలకోసం, క్యాచ్‌మెంట్ వెలుపలి పిల్లలకు కొంత శాతం సీట్లు ఇచ్చే ప్రతిపాదన వచ్చింది. 20 శాతంతో మొదలైన ఆ మాట, వేలాది తల్లిదండ్రులు స్పందించాక, 2025 ఫిబ్రవరిలో నిర్ణయం జరిగేనాటికి 5 శాతానికి దిగింది. ప్రతిపాదన పూర్తిగా పోలేదు, కాని దాని పరిమాణం మారింది. కన్సల్టేషన్‌లో ఆశించవలసిన ఫలితం సాధారణంగా ఇటువంటిదే. కాబట్టి వద్దు అన్న ఒక్క మాటతో సరిపెట్టక, ఏ మార్పు చేస్తే అంగీకరించగలరో కూడా రాయాలి. ఫీడర్ పిల్లలకు మొత్తం సీట్లలో ఒక వంతు పరిమితి పెట్టమనవచ్చు. ఇప్పటికే అన్నయ్యో అక్కయ్యో చదువుతున్న కుటుంబాలకు కొత్త నిబంధన కొన్నేళ్లు వర్తించకుండా చూడమనవచ్చు. సరిహద్దును ఫలానా రోడ్డు వరకు జరపమనవచ్చు. నిర్ణయం తీసుకునే కమిటీకి, తమ ప్రతిపాదనను ఓడించినట్టు కాక మెరుగుపరచినట్టు చెప్పుకునే అవకాశం దీనివల్ల దొరుకుతుంది.

జవాబు రెండు పేజీలు దాటనవసరం లేదు. మొదటి పేరాలో మీరెవరు, మీ పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు, ఏ అంశాన్ని వ్యతిరేకిస్తున్నారు అన్నది చెప్పాలి. తర్వాత దాని ప్రభావాన్ని మీ లెక్కలతో చూపాలి, తర్వాత కోడ్‌లోని ఏ పేరాకు అది విరుద్ధమో చెప్పాలి, ఆఖరున మీ ప్రత్యామ్నాయం. ఇంటి ధర పడిపోతుందన్న మాట రాయవద్దు. అది నిజమైన భయమే అయినా అడ్మిషన్ విధానంలో దానికి స్థానం లేదు, పైగా మీ తక్కిన వాదన మొత్తాన్ని స్వార్థంగా చదివిస్తుంది. కొత్తగా సీటు పొందబోయే వీధుల పిల్లల గురించి చులకనగా ఒక్క మాట దొర్లినా అంతే. వారు కూడా అదే కన్సల్టేషన్‌కు జవాబు రాస్తున్నారని గుర్తుంచుకోవాలి.

ఒకే నమూనా ఉత్తరాన్ని రెండు వందల మంది కాపీ చేసి పంపితే దాన్ని ఒకే వాదన కింద లెక్కించే అవకాశం ఎక్కువ. అందుకు బదులు ఇరవై కుటుంబాలు తమ తమ వీధి, తమ తమ బస్సు, తమ తమ పిల్లల పరిస్థితి రాస్తే ఇరవై వాదనలవుతాయి. తెలుగు సంఘం తరఫున ఒకే ఉత్తరం పంపడంలో నాకు అంత ప్రయోజనం కనిపించదు. ఆ వీధులలో ఉన్న పోలండు, సోమాలియా, పంజాబు కుటుంబాలతోను, తరతరాలుగా అక్కడే ఉన్న ఇంగ్లీషువారితోను కలిసి రాసిన ఉత్తరానికి ఎక్కువ విలువ ఉంటుంది. ఇంగ్లీషులో రాయడానికి ఇబ్బందిపడే తాతయ్యలూ అమ్మమ్మలూ పిల్లలను చూసుకుంటున్న ఇళ్లలో, వారు చెప్పిన మాటలనే ఎవరైనా రాసి పెట్టవచ్చు.

కన్సల్టేషన్ జరిపిన తీరు మీద కూడా కన్ను వేసి ఉంచాలి. 2 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులను సంప్రదించాలని కోడ్ చెబుతుంది. అంటే స్కూలులో ఇప్పటికే చదువుతున్నవారి తల్లిదండ్రులకు ఈమెయిల్ పంపి ఊరుకుంటే సరిపోదు, నర్సరీలకు, ప్రైమరీ స్కూళ్లకు కూడా సమాచారం చేరాలి. పూర్తి ప్రతిపాదిత విధానం వెబ్‌సైటులో ఉండాలి. 1985లో బ్రెంట్ కౌన్సిల్‌కు సంబంధించిన ఒక తీర్పు నుంచి వచ్చిన నాలుగు సూత్రాలను 2014లో సుప్రీంకోర్టు కూడా ఆమోదించింది. ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకునే దశలో ఉండగానే అడగాలి, తెలిసి జవాబివ్వడానికి చాలినంత కారణం చెప్పాలి, తగినంత సమయమివ్వాలి, వచ్చిన జవాబులను మనస్ఫూర్తిగా పరిశీలించాలి. ఏ సూత్రం తప్పినా తేదీలతో సహా అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి, గడువు ముగియకముందే ఎత్తిచూపాలి.

అడ్జుడికేటర్‌కు అభ్యంతరం

విధానం ఖరారయ్యాక, అది చట్టానికో కోడ్‌కో విరుద్ధమని భావించే ఎవరైనా మే 15లోపు స్కూల్స్ అడ్జుడికేటర్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కన్సల్టేషన్‌కు జవాబివ్వని వారు కూడా రాయవచ్చు. అయితే పేరు, చిరునామా లేని అభ్యంతరాన్ని తీసుకోరు. స్కూలుకు మీ పేరు తెలియకూడదనుకుంటే ఆ సంగతి విడిగా కోరవచ్చు. అందులో తప్పేమీ లేదు, అదే స్కూలులో పెద్దపిల్ల చదువుతున్న కుటుంబాలు తరచూ అలాగే చేస్తాయి.

కొన్ని విషయాలపై ఆయన అభ్యంతరం స్వీకరించరు. ఇంగ్లండ్‌లోని 163 గ్రామర్ స్కూళ్లలో ఏదో ఒకదానిలో ప్రవేశ పరీక్షే తీసివేయమంటే ఆ కాగితం ముందుకు కదలదు. పరీక్ష నమోదు పద్ధతి అన్యాయంగా ఉందనో, క్యాచ్‌మెంట్ అసహేతుకంగా ఉందనో అంటే కదులుతుంది. 2021 కోడ్ ప్రకారం, స్కూలు తన సీట్లను పెంచుకున్నందుకో, ఉన్నన్నే ఉంచుకున్నందుకో తల్లిదండ్రులు అభ్యంతరపెట్టలేరు. గత రెండేళ్లలో అదే స్కూలు విషయంలో ఒకసారి తేలిపోయిన అంశాన్ని మళ్లీ తేలేరు. కన్సల్టేషన్ సరిగా జరగలేదన్న ఒక్క కారణంతో విధానం రద్దవుతుందని ఆశించడం కూడా పొరపాటే. ఆ లోపాన్ని ఆయన నమోదు చేయవచ్చు, కాని విధానం మారాలంటే విధానంలోనే లోపం చూపాలి.

అభ్యంతరం ఎలా తూకం వేస్తారో తెలుసుకోవడానికి మంచి మార్గం పాత నిర్ణయాలు చదవడం. అవన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. నాలుగైదు చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది: కొందరు పిల్లలకు నష్టం జరిగినంత మాత్రాన విధానం అన్యాయమైనది కాదు. ప్రతి ప్రాధాన్య నిబంధనా ఎవరో ఒకరిని వెనక్కు నెడుతుంది. ఒక గుంపుకు కలిగే మేలుతో పోలిస్తే మరొక గుంపుకు కలిగే కీడు మరీ అధికమా, ఆ మార్పుకు చెప్పిన కారణం నిలుస్తుందా అన్నదే పరీక్ష. వెనక్కు నెట్టబడిన పిల్లలకు ఒక మైలు దూరంలో మరొక స్కూలులో చోటు ఉంటే, ఆ స్కూలు మీకు నచ్చనిదైనా సరే, అభ్యంతరం వీగిపోయే అవకాశమే ఎక్కువ. రెండు బస్సులు మారి గంటసేపు ప్రయాణం చేస్తే తప్ప ఏ స్కూలూ దక్కదని చూపగలిగితే సంగతి వేరు. ముందే కొలిచి పెట్టుకున్న దూరాలు, టైమ్‌టేబుళ్లు ఇక్కడ అక్కరకు వస్తాయి.

అభ్యంతరం అందాక దాన్ని స్కూలుకు, కౌన్సిల్‌కు పంపి జవాబు అడుగుతారు, ఆ జవాబుపై మీ స్పందన కోరతారు. వ్యవహారం ఎక్కువగా కాగితాల మీదే నడుస్తుంది. ఒక హెచ్చరిక కూడా అవసరం: అడ్జుడికేటర్ మీరు ఎత్తిన అంశానికే పరిమితం కానక్కరలేదు, మొత్తం విధానాన్ని పరిశీలించే అధికారం ఆయనకుంది. మీకు అనుకూలంగా ఉన్న నిబంధన ఒకటి కోడ్‌కు విరుద్ధంగా ఉంటే అదీ బయటపడుతుంది. నిర్ణయానికి అందరూ కట్టుబడాలి. వేరే గడువు చెప్పకపోతే స్కూలు రెండు నెలలలోపు, లేదా ఆ తర్వాతి ఫిబ్రవరి 28లోపు, ఏది ముందైతే అప్పటికి విధానాన్ని సవరించాలి. దానిపై అప్పీలు లేదు, హైకోర్టులో న్యాయసమీక్ష కోరడమొక్కటే దారి. అది ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ మూడు నెలలు దాటకుండా దాఖలు చేయాలి, వకీళ్ల ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది, ఓడితే అవతలివారి ఖర్చు కూడా మీద పడవచ్చు. నలభై యాభై కుటుంబాలు కలిసి, ఈ రంగం తెలిసిన సొలిసిటర్ దగ్గర ముందుగా రాతపూర్వకమైన సలహా తీసుకోకుండా ఆ గడప తొక్కకపోవడం మంచిది.

దరఖాస్తు ఫారం

ఈ పోరాటం ఏ దశలో ఉన్నా అక్టోబరు 31 గడువు ఎవరికోసమూ ఆగదు. అడ్జుడికేటర్ నిర్ణయం అప్పటికి రాకపోవచ్చు కూడా. ఫారంలో కనీసం మూడు స్కూళ్లు, లండన్‌లో ఆరు వరకు రాసే వీలుంది, వాటిని మీకు నిజంగా ఇష్టమైన వరుసలోనే రాయాలి. మీరు ఏ స్కూలును ఏ స్థానంలో పెట్టారన్నది సీటు ఇచ్చే స్కూలు లెక్కలోకి తీసుకోకూడదు కాబట్టి ఎత్తుగడలతో పని లేదు. నిరసనగా ఒక్క స్కూలు పేరే రాసి తక్కినవి ఖాళీగా వదిలేయడం చాలా ప్రమాదకరం, ఆ ఒక్కటీ రాకపోతే కౌన్సిల్ మిగిలిపోయిన చోటుకు, అది ఎంత దూరమైనా, పంపుతుంది. కొత్త నిబంధన ప్రకారం కూడా సీటు ఖాయంగా రాగల స్కూలు ఒకటి జాబితాలో ఉండాలి. మార్చి 1న సీటు రాకపోతే మీ పిల్ల తరఫున స్వతంత్ర ప్యానెల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, వెయిటింగ్ లిస్టులో ఉండవచ్చు. ఆ అప్పీలులో వినేది మీ పిల్ల విషయం మాత్రమే; విధానం మీద చేసే వాదన అంతా దానికి చాలా ముందే, పైన చెప్పిన రెండు గడువులలోపే అయిపోయి ఉండాలి.